చోటు మార్చుకుని బాగుపడ్డవాళ్లు ఉన్నారా? ఏం మారిందో చెప్పండి

మూలగది:
రెండేళ్లుగా ఇంటి నుంచే ఉద్యోగం. పని, తిండి, నిద్ర అన్నీ ఒకే గదిలో. లాగౌట్ అయ్యాక కూడా పని అయిపోయినట్టు అనిపించదు, పడుకుంటే నిద్ర రాదు. ఇల్లు మారే స్తోమత ఇప్పుడు లేదు. మీకేం పనిచేసిందో వివరంగా రాయండి, ప్లీజ్.

వేకువపిట్ట:
ఇల్లు మారక్కర్లేదండి. నేను బల్లను కిటికీ దగ్గరికి జరిపాను, మంచాన్ని చీకటి మూలకు తోశాను. మంచం మీదికి ల్యాప్‌టాప్ తేవడం పూర్తిగా మానేశాను. అదొక్కటే కష్టమైంది. మన ఒంట్లోని గడియారం పొద్దుటి వెలుతురును చూసే సరిచేసుకుంటుంది. మొదటి వారం తేడా ఏమీ తెలియలేదు. మూడో వారం నుంచి రాత్రి పదకొండుకల్లా కళ్లు మూతలు పడేవి.

వార్డుసిస్టర్:
కిటికీ మాటకు నాదీ ఓటు. రోజర్ ఉల్రిక్ 1984లో ప్రచురించిన పరిశోధన చదివాను. పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది రికార్డులు పోల్చి చూశారు. సగం మందికి కిటికీలోంచి చెట్లు కనిపించేవి, సగం మందికి ఇటుక గోడ. చెట్లు కనిపించినవాళ్లు కాస్త ముందే ఇంటికెళ్లారు, ఘాటైన నొప్పి మందులూ తక్కువే వాడారు. ఒకే ఆసుపత్రి, కొద్దిమంది రోగులు, నిజమే. అయినా అది చదివినప్పటి నుంచి వీలైన ప్రతిసారీ రోగి మంచాన్ని కిటికీ వైపు తిప్పిస్తున్నాను.

మానేసినోడు:
నాది సిగరెట్ కథ. పాత ఆఫీసులో మెట్ల పక్కన ఓ బాల్కనీ ఉండేది. అటు నడిస్తే చాలు, చెయ్యి జేబులోకి పోయేది. ఆఫీసు వేరే బిల్డింగ్‌కి మారిన రోజే మానేశాను, నాలుగేళ్లయింది. వియత్నాంలో హెరాయిన్‌కు బానిసలైన అమెరికా సైనికుల మీద లీ రాబిన్స్ 1970లలో చేసిన అధ్యయనం ఉంది. ఇంటికి తిరిగొచ్చాక మొదటి ఏడాదిలో వాళ్లలో చాలా కొద్దిమందే మళ్లీ బానిసలయ్యారు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను: కొత్త చోట మొదటి రోజుల్లోనే జాగ్రత్త పడాలి. అక్కడ ఒక్కసారి వెలిగించి ఉంటే ఆ మెట్లూ పాత మెట్లే అయ్యేవి.

ఒంటరిమేడ:
నా అనుభవం వేరు. మనసు బాగాలేదని ఊరే మారాను. ఆరు నెలలు పలకరించే మనిషి లేక ఇంకా కుంగిపోయాను. చివరికి డాక్టర్ దగ్గరికి వెళ్లాకే తేలిక పడ్డాను. వారాల తరబడి నిద్ర లేకపోతే బల్ల జరపడంతో ఆగకండి, ఎవరికైనా చూపించుకోండి. ఊరు మారాలనుకునేవాళ్లు కూడా, వెళ్లే చోట మాట్లాడే మనిషి ఒక్కరైనా ఉన్నారో లేదో ముందు చూసుకోండి.

వేకువపిట్ట:
ఒంటరిమేడ గారూ, ఇది రాసినందుకు చాలా థాంక్స్. నాకు ఇంట్లో తోడు ఉంది, ఆ తేడా నేను ఆలోచించలేదు.

మూలగది:
అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఇందాకే బల్ల జరిపాను. ఛార్జర్ వైరు అందట్లేదు, రేపు ఎక్స్‌టెన్షన్ బాక్స్ తెస్తాను. డాక్టర్ అపాయింట్‌మెంట్ కూడా తీసుకున్నాను. ఇంకో సందేహం: ఫోన్ కూడా మంచానికి దూరంగా పెట్టాలా? అలారం అందులోనే ఉంది మరి.

వేకువపిట్ట:
దూరంగానే పెట్టండి. అలారం ఆపడానికైనా లేచి నడవాలి కదా, కిటికీ దాకా వచ్చేస్తారు.