తప్పించుకున్నాడా, తప్పించుకు తిరిగాడా?

రాత్రి డెస్కు:
గ్రూపులో పెద్దలకు నమస్కారం. ఒక శీర్షిక దగ్గర ఇరుక్కుపోయాను, గట్టెక్కించండి.

మా ఆటల పేజీకి మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ (గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ కలిసిన పోరు) మీద చిన్న కథనం రాశాను. ఆ పోటీలు పెట్టే పెద్ద సంస్థ యూఎఫ్‌సీలో హెవీవెయిట్లు జాన్ జోన్స్, టామ్ ఆస్పినాల్ ఒకరినొకరు 'డక్' చేశారా, అంటే పోరు పడకుండా ఎగ్గొట్టారా అన్నది విషయం. శీర్షిక ఇలా పెట్టాను: "జోన్స్, ఆస్పినాల్ తప్పించుకున్నారా?" పొద్దున్నే మా నాన్న ఫోను చేసి, "ఏరా, ఎక్కడ జరిగింది ప్రమాదం? దెబ్బలేమైనా తగిలాయా వాళ్లకి?" అన్నారు. నవ్వొచ్చింది గానీ, ఆయన చదివింది ఆయన చదివినట్టే ఉంది. తప్పు నా వాక్యానిదే.

కథ తెలియనివారికి నాలుగు ముక్కల్లో చెబుతాను. 2023 మార్చిలో లాస్ వేగస్‌లో జోన్స్ సిరిల్ గాన్‌ను మొదటి రౌండులోనే మెడ బిగించి లొంగదీసి ఖాళీగా ఉన్న హెవీవెయిట్ టైటిల్ పట్టాడు. ఆ నవంబరులో స్టీపే మియోచిచ్‌తో తలపడాల్సి ఉండగా ప్రాక్టీసులో ఛాతీ కండరం ఎముక దగ్గర తెగింది. అదే రాత్రికి న్యూయార్క్‌లో తాత్కాలిక టైటిల్ పోరు పెట్టారు. ఇంగ్లండు నుంచి వచ్చిన ఆస్పినాల్, సెర్గీ పావ్లోవిచ్‌ను 69 సెకన్లలో పడగొట్టి అది గెలిచాడు. 2024 జులైలో మాంచెస్టర్‌లో కర్టిస్ బ్లేడ్స్‌ను 60 సెకన్లలో ముగించి నిలబెట్టుకున్నాడు. అసలు చాంపియన్ జోన్స్ మాత్రం నవంబరులో మియోచిచ్‌తోనే ఆడి, మూడో రౌండులో గెలిచి, ఆస్పినాల్ పేరెత్తితే, కింది బరువు విభాగంలో అప్పటి చాంపియన్ అలెక్స్ పెరీరా పేరెత్తాడు. నెలలు దొర్లాయి. 2025 జూన్‌లో బాకులో యూఎఫ్‌సీ పెద్ద డేనా వైట్ ప్రకటించారు: జోన్స్ రిటైరయ్యాడు, ఆస్పినాలే ఇక పూర్తి చాంపియన్. ఇద్దరూ ఒక్కసారీ బరిలో ఎదురుపడలేదు.

'డక్'కి తెలుగులో ఏమందాం?

నల్గొండ టీచరమ్మ:
బాబూ, మీ నాన్నగారు వ్యాకరణం ప్రకారమే చదివారు. 'తప్పు' నుంచి ఎంత సంసారం పుట్టిందో చూడండి. 'తప్పు' అంటే గురి తప్పడం, దారి తప్పడం. 'తప్పుకొను' అంటే తనంతట తాను పక్కకు జరగడం. "పోటీ నుంచి తప్పుకున్నాడు" అంటాం, అందులో నింద లేదు. 'తప్పించు' అంటే ఇంకొకరిని తొలగించడం. "జట్టు నుంచి తప్పించారు." దానికి మళ్లీ 'కొను' చేరిస్తే 'తప్పించుకొను', అంటే తన్ను తాను ఆపదలోంచి బయటపడేసుకోవడం. ఇక్కడ ఆపద ముందే మీద పడి ఉండాలి. అందుకే మీ నాన్నగారికి ప్రమాదం కనబడింది.

దానికి 'తిరుగు' తగిలించండి, అర్థం మారిపోతుంది. "అప్పులవాణ్ణి తప్పించుకు తిరుగుతున్నాడు." ఇది ఒకరోజు పని కాదు. వీధి మార్చడం, ఫోను ఎత్తకపోవడం, ఇంట్లో ఉండి లేననిపించడం, అన్నీ అందులో ఉన్నాయి. ఇంకో చిన్న సంగతి. "పోలీసుల నుంచి తప్పించుకున్నాడు" అంటాం, 'నుంచి' కావాలి. "అప్పులవాణ్ణి తప్పించుకు తిరిగాడు" అంటాం, అక్కడ ద్వితీయ సరిపోతుంది. ఒకదాంట్లో పట్టుబడబోయి బయటపడ్డాడు. రెండోదాంట్లో పట్టుబడే చోటికే రాలేదు.

మీ ప్రశ్న రెండోది.

రాత్రి డెస్కు:
మేడం, ఈ విభక్తి తేడా ఇన్నేళ్లు రాస్తూ ఒక్కసారి గమనించలేదు.

డాలస్ నుంచి:
ఇక్కడ ఈ గొడవంతా బాతు బొమ్మలతో నడిచింది. జోన్స్ ఏం పోస్టు పెట్టినా కింద బాతులే. ఇంగ్లీషులో బాతుకీ, తల వంచి దెబ్బ తప్పించుకోవడానికీ ఒకటే మాట. అసలు ఆ పక్షికి ఆ పేరు రావడమే నీళ్లలో బుడుంగున మునగడం వల్ల. మనకా సౌలభ్యం లేదు. "బాతు కొట్టాడు" అంటే క్రికెట్టులో సున్నాకి అవుటయ్యాడేమో అనుకుంటారు.

ఒక తమాషా. బాక్సింగులో తల వంచి దెబ్బ తప్పించుకోవడం విద్య. అది రానివాడు మూడు రౌండ్లు నిలవడు. ఆ మాటే బరి బయటికొస్తే తిట్టు. తెలుగులో అనువదిద్దామని "తల వంచాడు" అంటే లొంగిపోయాడని అర్థం వస్తుంది. "తల దాచుకున్నాడు" అంటే వానకి ఎవరి ఇంటి చూరు కిందో నిలబడ్డట్టు ఉంటుంది. తలతో పెట్టుకుంటే మనకి కుదరదు, మొహంతో పెట్టుకోవాలి.

కుస్తీ మనవడు:
మొహం చాటేయడం! దానికి మించింది లేదన్నా.

మా తాత ఊళ్లో కుస్తీ పట్టేవాడు. పోటీకి ఒప్పుకుని ఆ రోజు కనబడనివాణ్ణి "మొహం చాటేశాడు" అనేవాడు, అంతే. దానికి కారణం ఆయన అడగడు. జ్వరమొచ్చినా చాటేసినట్టే లెక్క. మా అమ్మమ్మ మాత్రం "జ్వరం నిజమే, నేనే కషాయం కాచా" అనేది.

నల్గొండ టీచరమ్మ:
ఇందులో ఒక సొగసుంది. 'చాటు' అంటే మరుగు. తలుపు చాటు, చెట్టు చాటు. మొహం చాటు చేయడం అక్కణ్ణుంచి వచ్చింది. కానీ క్రియగా 'చాటు' అంటే పదిమందికీ వినబడేలా చెప్పడం, చాటింపు వేయడం. ఒకటి దాచేది, ఒకటి బయటపెట్టేది. మీ జోన్స్ సంగతి నాకు తెలియదు గానీ, ఒకే మనిషి గొప్ప చాటుకుంటూ మొహం చాటేయగలడని తెలుగు ఎప్పుడో ఒప్పుకుంది.

మా వైపు ఇంత వివరం లేకుండా "మొకం సూపియ్యకుంట తిరుగుతుండు" అంటారు. అదీ బాగుంటుంది, పేపర్లో పెట్టనియ్యరు.

రాత్రి డెస్కు:
మేడం, "గొప్ప చాటుకుంటూ మొహం చాటేశాడు" వాక్యం నేను తీసేసుకుంటున్నా. ఇంకో అనుమానం. 'వెనుకంజ వేశాడు' ఎలా ఉంటుంది? అది మర్యాదగా ఉంటుందని మా సీనియర్ అంటారు.

కుస్తీ మనవడు:
అన్నా, ఓట్ల లెక్కింపు రోజు టీవీ పెట్టుకో. "ఫలానా అభ్యర్థి వెనుకంజ" అంటారు. ఓట్లు తక్కువ పడ్డాయని అర్థం. అంజ అంటే అడుగు, వెనక్కి అడుగు వేయడం అనేది పాత అర్థం. ఇప్పుడు అభ్యర్థి ఇంట్లో కుర్చీలో కూర్చునే వెనుకంజలో ఉంటాడు. జోన్స్ వెనుకంజ అంటే పాయింట్లలో ఓడుతున్నాడనుకుంటారు. అతను పాయింట్లలో ఓడిందెక్కడ? రికార్డులో ఉన్న ఒకే ఒక ఓటమి 2009లో మాట్ హామిల్ మీద, అదీ నిబంధనకు విరుద్ధంగా మోచేతి దెబ్బలు కొట్టాడని అనర్హుడిగా ప్రకటిస్తే వచ్చింది.

పదసేకరణ పిచ్చోడు:
నా వంతు: తోక ముడిచాడు, జారుకున్నాడు, చెక్కేశాడు, ఉడాయించాడు, డుమ్మా కొట్టాడు, వెన్ను చూపాడు, కాడి పడేశాడు. గమనించారా? సవాలు విసరడానికి మనకున్న మాటలు (తొడగొట్టు, కాలు దువ్వు, మీసం మెలేయి) పహిల్వాన్ల నుంచీ ఎడ్ల నుంచీ వచ్చినట్టుంటాయి. ఎగ్గొట్టడానికి ఉన్న మాటల్లో సగం బడి పిల్లలవీ అప్పులోళ్లవీ. తోక ముడవడం కుక్కది. పారిపోయినవాడికి మనిషి పోలిక కూడా ఇవ్వలేదు మనవాళ్లు.

విజయవాడ నుంచి:
'ఉత్తరకుమార ప్రగల్భాలు' మరిచిపోయారేంటండీ. అంతఃపురంలో ఆడవాళ్ల ముందు కౌరవుల్ని చితక్కొడతానని, తీరా సైన్యం కనబడగానే రథం దూకి పరుగు. అచ్చు జోన్సే.

కుస్తీ మనవడు:
ఒప్పుకోను సార్. ఉత్తరుడు అప్పటిదాకా ఒక్క యుద్ధం చేయలేదు. జోన్స్ 2011లో ఇరవై మూడేళ్లకే లైట్ హెవీవెయిట్ టైటిల్ గెలిచి, యూఎఫ్‌సీలో అందరికంటే చిన్న వయసు చాంపియన్ అయినవాడు. ప్రగల్భాలని ఎలా అంటాం? పోనీ పోలిక కావాలంటే కాలయవనుడి ముందు పరుగెత్తిన కృష్ణుణ్ణి చెప్పండి. భాగవతంలో ఆ పరుగు భయం కాదు, ఎత్తు. శత్రువుని ముచుకుందుడు నిద్రపోతున్న గుహలోకి రప్పించడానికి పరుగెత్తాడు. గుజరాతులో ఆ దేవుడికి రణఛోడ్ అనే పేరు, అంటే యుద్ధం వదిలినవాడు. పూజ చేసి మరీ పిలుచుకుంటున్నారు.

విజయవాడ నుంచి:
మరి జోన్స్ గుహలో ఎవరున్నారండీ? ఆస్పినాల్‌ని ఎవరి మీదికి తోలాడు?

కుస్తీ మనవడు:
😄 అదొక్కటీ అడక్కండి.

రాత్రి డెస్కు:
ఇక్కడే నా అసలు ఇబ్బంది. మాట ఎంచుకుంటే తీర్పు ఇచ్చేసినట్టవుతోంది. "తప్పుకున్నాడు" అంటే జోన్స్ అభిమానులకు నచ్చుతుంది. "తోక ముడిచాడు" అంటే ఆస్పినాల్ వాళ్లకి పండగ. రిటైర్మెంటుకి మా వాళ్లు "అస్త్రసన్యాసం" అని పెట్టారు. కొడుకు చచ్చాడని విని ద్రోణుడు విల్లు వదిలేస్తే వాడిన మాట అది. జోన్స్ రిటైరైన కొన్నాళ్లకే, వైట్‌హౌస్‌లో యూఎఫ్‌సీ పోటీలు పెడతారనేసరికి మళ్లీ వస్తానన్నాడు. ఇదేం సన్యాసం?

నల్గొండ టీచరమ్మ:
మధ్యలో ఇంకో మాట ఉంది, ఎవరూ అనలేదు. నాన్చడం. బియ్యం నానబెడతాం, పప్పు నానబెడతాం. "అవుననడు, కాదనడు, నాన్చుతున్నాడు." మీరు చెప్పిన ఆ నెలల సంగతి, 2024 నవంబరు నుంచి 2025 జూన్ దాకా, నాకు అలాగే వినబడింది. పోరు జరిగి తీరుతుందని యాజమాన్యం పదేపదే చెప్పడం, ఇతను ఇంకో పేరు ఎత్తడం. భయమా, బేరమా అని ఆ మాట తేల్చదు. ఆలస్యం ఎవరివల్ల జరిగిందో మాత్రం చెబుతుంది. ఒక పత్రికకు అంత చాలు కదా.

పదసేకరణ పిచ్చోడు:
ఆస్పినాల్ 19 నెలలు తాత్కాలిక చాంపియనా! తాత్కాలికం కాదండీ, మన రాజకీయాల్లో లాగా 'ఆపద్ధర్మ చాంపియన్' అనండి.

డాలస్ నుంచి:
బాగుంది, ఆపద్ధర్మం 😂 పూర్తి చాంపియన్ అయ్యాకా అతనికి కలిసి రాలేదు. 2025 అక్టోబరులో అబుదాబిలో అదే గాన్‌తో ఆడుతుంటే మొదటి రౌండులో కంట్లో వేళ్లు పడి పోరు ఆగిపోయింది, ఫలితం లేదు.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్తా. మీ కథనంలో 'ఒకరినొకరు' అనే మాట అన్యాయం. ఆస్పినాల్ ఎవరినీ తప్పించుకోలేదు. ఇతను పిలుస్తూనే ఉన్నాడు. ఇద్దరి మీదా సమానంగా వేసి తటస్థంగా ఉన్నామనుకుంటే కుదరదు.

రాత్రి డెస్కు:
అది ఒప్పుకోవాల్సిందే. 'ఒకరినొకరు' పెడితే బ్యాలెన్సుగా ఉంటుందని పెట్టాను.

కుస్తీ మనవడు:
'ఒకరినొకరు' నిజంగా వాడదగ్గ జోడీ పాతకాలంలో ఉందన్నా. ఫ్యోదర్ ఎమెలియానెంకో, అలిస్టర్ ఓవరీమ్. ఓవరీమ్ 2007 నవంబరులో స్ట్రైక్‌ఫోర్స్ అనే మరో పోటీ సంస్థలో హెవీవెయిట్ చాంపియన్ అయి, జపానులో ఆడుకుంటూ 2010 మే దాకా ఆ బెల్టుకి ఒక్క పోరూ పెట్టలేదు. 2009లో యూఎఫ్‌సీతో బేరం తెగక ఫ్యోదర్ అదే స్ట్రైక్‌ఫోర్స్‌కి వచ్చాడు. ఇద్దరూ బ్రెట్ రోజర్స్‌ను కొట్టారు, ఫ్యోదర్ 2009 నవంబరులో, ఓవరీమ్ 2010 మేలో. వాళ్లిద్దరి మధ్య మాత్రం పడలేదు. ఫ్యోదర్ వెనకున్న రష్యా సంస్థకు పోటీ నిర్వహణలో వాటా కావాలి, ఆ చర్చలు ఒక పట్టాన తేలేవి కావు. ఇవతలివాళ్లు "మీవాడే భయపడ్డాడు" అంటే అవతలివాళ్లూ అదే అనేవాళ్లు.

తర్వాత 2010 జూన్‌లో వెర్దుమ్ చేతిలో ఫ్యోదర్ లొంగిపోయాడు, సరిగ్గా 69 సెకన్లలో. పావ్లోవిచ్ పడిందీ అన్ని సెకన్లకే, చూశారా. 2011లో ఎనిమిది మందితో టోర్నీ పెట్టారు. ఇద్దరూ మొదటి రౌండు గెలిస్తే సెమీస్‌లో ఎదురుపడాలి. ఓవరీమ్ తర్వాత వెర్దుమ్ మీద గెలిచాడు. కానీ అప్పటికే ఫిబ్రవరిలో, న్యూజెర్సీలో, ఆంటోనియో సిల్వా ఫ్యోదర్ మీద కూర్చుని రెండో రౌండంతా గుద్దాడు. కన్ను పూడుకుపోయింది. డాక్టరు మూడో రౌండుకి వదల్లేదు. ఆ కన్ను ఫోటో ఇప్పటికీ నా దగ్గరుంది. అంతే, ఆ జోడీ ఎప్పటికీ కలవలేదు. ఇక్కడ ఎవరు ఎవర్ని తప్పించుకున్నట్టు?

నల్గొండ టీచరమ్మ:
దానికి తెలుగులో చక్కని మాట ఉంది నాయనా. "కుదరలేదు." కర్త లేని వాక్యం. పెళ్లి సంబంధం కుదరలేదు, ఇల్లు బేరం కుదరలేదు. ఎవరు వద్దన్నారో చెప్పక్కర్లేదు, అందరికీ తెలిసినా సరే. ఆ రెండో జోడీకి 'కుదరలేదు' సరిపోతుంది. మొదటి జోడీకి కూడా అదే వాడితే మాత్రం జోన్స్‌ని వాక్యం చాటున దాచినట్టే.

రాత్రి డెస్కు:
అందరికీ దండాలు. మార్చి పెట్టాను:

"ఆస్పినాల్‌ను జోన్స్ తప్పించుకు తిరిగాడా???"

మొదటి పేరాలో 'నాన్చుడు', చివర్లో ఫ్యోదర్ జోడీకి 'కుదరలేదు'. ఉత్తరుణ్ణి తీసేశా, విజయవాడ సార్ క్షమించాలి.

నల్గొండ టీచరమ్మ:
బాగుంది. ప్రశ్నార్థకం ఒకటి చాలు, మూడు పెట్టారు.