పాత వించ్ విప్పించాలా, కొత్తది కొనాలా? (ఎంఎం540 జీపు, రొయ్యల గుంటల పని)

గుంటకాడి జీపు, విడవలూరు:

అన్నలందరికీ నమస్కారం. కాస్త పొడుగ్గానే రాస్తుండా, ఓపిగ్గా చదవండి.

నాది ఎంఎం540. ముందు బంపరులో వించ్‌తో (కరెంటు మోటారుతో రోపు చుట్టి బండ్లు లాగేది) సహా పాతదే కొన్నా. వించ్ ఏ కంపెనీదో చెప్పలేను. ప్లేటు మీద అక్షరాలు ఉప్పుగాలి తినేసింది. 12 వోల్టులు, 8000 పౌండ్లు అన్న రెండు ముక్కలు మాత్రం తెలుస్తుండాయి. మన లెక్కలో 3,600 కిలోల చిల్లర. ఒక పక్క మోటారు, ఇంకో పక్క గేర్లు, నడాన డ్రమ్ము, దాని మీద ఇనప రోపు.

దీంతో పనేందంటే రొయ్యల గుంటల కట్టల మీద దిగబడిన బండ్లు లాగడం. మాది రేగడి కలిసిన నేల. వాన పడితే ఆ కట్ట మీద మనిషి నడిస్తేనే చెప్పులు ఊడొస్తాయి, ఇంక మేత బస్తాలేసుకొచ్చే పికప్ గురించి చెప్పేదేముంది. మనకి గట్టి వానలు పడేదే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మామూలు రోజుల్లో అయితే ట్రాక్టరు పిలుస్తాం. పట్టుబడి రోజు, అంటే రొయ్యలు పట్టే రోజు, అర్ధరాత్రి ఐసు వేసుకున్న బండి కూరుకుపోతే మాత్రం ట్రాక్టరు వచ్చేదాకా రొయ్యా ఆగదు, రేటు మాట్లాడుకున్న ఏజెంటూ ఆగడు. అందుకే వించ్ లేకుండా నాకు జరగదు.

ఇప్పుడు దాని జబ్బు చెప్తా. బటన్ నొక్కితే ఒక్కోసారి టక్కుమని చప్పుడొచ్చి ఊరుకుంటాది. ఒక్కోసారి బాగానే తిరుగుతాది. బరువు పడితే నీరసంగా లాగతాది, మోటారు మీద చెయ్యి పెట్టలేం. ఈమధ్య ఇంకోటి మొదలైంది. బటన్ వదిలినాక బండి జానెడు మేర వెనక్కి జారి అప్పుడు నిలబడతా ఉండాది.

నెల్లూరులో ఒక షాపులో మోటారు మొత్తం రీవైండింగ్, బేరింగులు, అన్నీ కలిపి 14,000 అడిగారు. ఇంకో షాపాయన తూకానికి అమ్మేసేయ్ అన్నాడు. కొత్తది చైనా తయారీ 9500 పౌండ్లది ఆన్‌లైన్‌లో 35,000 దాకా చూపిస్తుండాది. పేరున్న అమెరికా కంపెనీది అయితే లక్ష దాటిపోతాది, అది నా వల్ల కాదు. మా బావమరిది కొత్తదే కొనమని రోజూ పోరు. నాకేమో ఇంత ఇనుము ఊరకే పారేయబుద్ధి కావట్లేదు. ఏం చేసేది?

---

నాలుగుచక్రాలు, ఒంగోలు:

బ్రో, దీనికి ఇంత ఆలోచన దేనికి? కొత్తది కొనెయ్. సింథటిక్ రోపుతో తీసుకో, తేలిక, తెగినా ఇనప రోపు మాదిరి కొరడా దెబ్బ కొట్టదు. వైర్‌లెస్ రిమోట్ వచ్చిద్ది, వారంటీ వచ్చిద్ది. పాతదానికి పెట్టే 14,000 నేలపాలే.

---

సెల్ఫ్ డైనమో షాపు, నెల్లూరు ఆటోనగర్:

అబ్బయ్యా, నేను సెల్ఫ్ మోటార్లు, డైనమోలు విప్పుకుంటానే తల నెరిసినోణ్ణి. నువ్వు చెప్పిన దాంట్లో ఉండేది ఒక జబ్బు కాదు, మూడు. షాపోళ్లు మూడింటినీ తెచ్చి మోటారు నెత్తిన పెట్టారు.

టక్కుమని ఊరుకోవడం సొలినాయిడ్ లక్షణం. అంటే బటన్ నొక్కితే మోటారుకి కరెంటు కలిపే స్విచ్చు. లోపల రాగి బిళ్ల కాలి గుంటలు పడుంటాది, అంటుకున్నప్పుడు తిరుగుతాది, అంటుకోనప్పుడు చప్పుడొక్కటే. పాత వించ్‌లకి నాలుగు సొలినాయిడ్లు ఒక డబ్బాలో ఉంటాయి. ఇప్పుడు ఆ నాలుగు స్విచ్చుల పనీ చేసే కాంటాక్టరు ఒక్కటే వస్తుండాది, దాన్ని పెట్టేసేయ్. ముందు మాత్రం మోటారు బతికుందో లేదో నువ్వే తేల్చుకో, నా దాకా రానక్కర్లేదు. క్లచ్ లివరు ఫ్రీలో పెట్టి డ్రమ్ముని వదిలించు. మోటారు మీద మూడు బోల్టులుంటాయి, ఏ, ఎఫ్1, ఎఫ్2 అని. వాటికున్న వైర్లు పీకేసి ఏకీ ఎఫ్1కీ మధ్య లావుపాటి వైరు ముక్క బిగించు. బ్యాటరీ నెగెటివ్ మోటారు బాడీకి ఇచ్చి, పాజిటివ్ ఎఫ్2కి ఒక్క క్షణం తగిలించు. ఒక వైపు తిరుగుతాది. తర్వాత ఏని ఎఫ్2తో కలిపి ఎఫ్1కి కరెంటు ఇస్తే రెండో వైపు తిరగాల. రెండు వైపులా దమ్ముగా తిరిగితే రీవైండింగ్ అన్నవాడికి ఒక దండం పెట్టి వచ్చేసేయ్. మోటారు మీద రెండే బోల్టులుంటే అది మాగ్నెట్ మోటారు, అప్పుడు ఈ లెక్క పనికిరాదు, నాకు ఫొటో పెట్టు.

నీరసంగా లాగడానికి సగం కారణాలు మోటారు బయటే ఉంటాయి. పూర్తి బరువు మీద ఈ వించ్ 400 ఆంపియర్ల దాకా తింటాది. జీపు ఆల్టర్నేటరు ఇచ్చేది దాంట్లో ఏ మూలకి? అంతా బ్యాటరీలోంచే రావాల. ఇంజను ఆపి లాగకూడదనేది అందుకే. ఎర్తు వైరు బంపరు బోల్టుకి బిగించుంటారు చూడు, చాలామంది చేసే పనే. ఉప్పుగాలికి ఆ బోల్టు కింద తుప్పు పట్టి కరెంటు అక్కడే వేడిగా కరిగిపోతాది. ఎర్తు నేరుగా బ్యాటరీ నెగెటివ్‌కి లాగు. బరువు మీద ఉన్నప్పుడు మోటారు కాడ మీటరు పెట్టించు. 12 ఉండాల్సిన చోట 9కి పడిపోతుంటే తప్పు వైర్లదీ బ్యాటరీదీ, మోటారుది కాదు.

మోటారు విప్పినా ముందు చూడాల్సింది కార్బన్ బ్రష్‌లు, అవి రాసుకునే రాగి పలకల చుట్టు, అదే కమ్యుటేటరు. ఆ రాగి పలకల మధ్య ఉండేది అభ్రకం, మన సైదాపురం గనుల్లోంచి ఒకప్పుడు విదేశాలకి ఓడలెక్కిన సరుకే. రాగి అరిగి అభ్రకం పైకి తేలిందంటే బ్రష్ ఎగిరెగిరి పడి నిప్పురవ్వలు కొడతాది. లేత్ మీద సన్నగా ఒక కోత వేసి, అభ్రకాన్ని రాగి కంటే కాస్త లోతుకి గీకితే చాలు. రీవైండింగ్ అనేది తీగ కాలి నల్లబడి వాసన వచ్చినప్పుడు చేసే పని. పక్కన నీళ్లు దిగిన గుర్తులుంటే సీలు మార్చు. మన తీరంలో వించ్ చచ్చేది లాగి లాగి కాదు, లాగకుండా ఊరకే పెట్టినందుకు. నెలకొకసారి బటన్ నొక్కి రోపు విప్పి చుడితే లోపల తడి ఆరిపోతాది.

మూడోది, జారడం. దాని గురించి నాకంటే తెలిసినోళ్లు చెప్పాల. అది బ్రేకు. నాకైతే నీ జబ్బుల్లో అదొక్కటే భయంగా ఉండాది.

---

క్వారీ మేస్త్రి, చీమకుర్తి:

బ్రేకు సంగతి నేను చెప్తా. మా దగ్గర గెలాక్సీ రాయి ఘనపు మీటరు 3 టన్నులు తూగిద్ది. పొద్దున పని మొదలుపెట్టేటప్పుడు మేం ముందు చూసేది బ్రేకు, మోటారు తర్వాతే. మోటారు చస్తే పని ఆగిపోయిద్ది, అంతే. బ్రేకు చస్తే కింద మనిషి ఉంటాడు.

నువ్వు చెప్పిన ఆకారాన్ని బట్టి నీ వించ్‌లో బ్రేకు డ్రమ్ము లోపలే ఉంటది. బటన్ వదలగానే బరువు వెనక్కి తిప్పబోతే అదే బిగుసుకోవాలి. జానెడు జారిందంటే లైనింగ్ అరిగింది, లేదా గ్రీజుకి తడిసింది. ఇవాళ జానెడు, రేపు మూరెడు. దాన్ని లేత్ షాపులో తయారు చేయిస్తానంటే మాత్రం నేను ఒప్పుకోను. బుష్ చేయించు, పిన్ను చేయించు, స్పేసరు చేయించు. బ్రేకు మాత్రం ఆ మోడలుకి కంపెనీ పార్టు దొరికితేనే వెయ్యి. దొరక్కపోతే ఆ వించ్ పని అయిపోయినట్టే, మోటారు ఎంత బాగున్నా సరే. నీ ప్రశ్నకి నా జవాబు ఇంతే.

ఒంగోలు తమ్ముడు సింథటిక్ రోపు అన్నాడు. బాగానే ఉంటది, నేను కాదనను. కానీ డ్రమ్ములో బ్రేకు ఉన్న వించ్‌లో బరువుని కిందికి దించేటప్పుడు డ్రమ్ము కాలిద్ది, ఆ వేడికి అడుగు చుట్ల రోపు పాడయిద్ది. ఇసక, బురద దాని పోగుల్లోకి దూరి లోపల్నుంచి కోస్తయ్. ఎండ సరేసరి. పైగా ఇన్నాళ్లు ఇనప రోపు గీకిన రోలర్ల మీద దాన్ని వేశావంటే అప్పుడే తెగిద్ది, ముందు గైడు కూడా మార్చాలి. రొయ్యల గుంటల మీద ఇనప రోపే ఉంచుకో. తోలు గ్లవ్స్ వేసుకో. లాగేటప్పుడు రోపు మీద తడి గోనె సంచి వెయ్యి, తెగితే ఎగరకుండా కిందికి కొట్టుకుంటది. రోపు ఎంత పొడుగు విప్పినా డ్రమ్ము మీద ఐదు చుట్లన్నా మిగలాలి.

ఇంక అసలు విషయం. నీ వించ్‌కి నీరసం అంటున్నావే, అది దానికి మించిన బరువు కాదా? ప్లేటు మీద రాసిన 8000 పౌండ్లు డ్రమ్ము మీద మొదటి వరస రోపుకి. రోపు నిండా చుట్టుకుని నాలుగో వరస మీద లాగుతుంటే దాంట్లో పావు వంతు పైనే పోయిద్ది. ఇటు పికప్, సరుకుతో 3 టన్నులు అనుకో. చక్రం సగందాకా దిగబడితే లాగడానికి ఇంచుమించు బండి బరువంత కావాలి. మడ్‌గార్డుల దాకా దిగితే రెండింతలు. అంటే 6 టన్నులు. నువ్వు కొత్తగా కొనే 9500 పౌండ్లది కూడా మొదటి వరస మీద 4,300 కిలోలే కదా. కొత్తది కొన్నా అదే కట్ట మీద అదే కూత కూస్తది.

దీనికి మందు కప్పీ. దిగబడిన బండికి కప్పీ తగిలించి రోపు దాంట్లోంచి వెనక్కి తెస్తే బలం దాదాపు రెండింతలు, వేగం సగం. రోపు ఎక్కువ విప్పుతావు కాబట్టి కింది వరసలు కూడా పనిలోకి వస్తయ్. ఒక్కటి గుర్తుపెట్టుకో. రోపు కొస తెచ్చి మళ్లీ జీపుకే కట్టావంటే ఆ రెండింతల లాగుడూ జీపు మీదే పడిద్ది, తడి కట్ట మీద జీపే బండి వైపు జారుకుంటా పోయిద్ది. కొస వేరే లంగరుకి కట్టు, జీపుని వెనక నుంచి ఇంకో బెల్టుతో ఆపు. ముందుగా బస్తాలు దించు. సగం బలం అక్కడే కలిసొస్తది, రూపాయి ఖర్చు లేదు.

---

నాలుగుచక్రాలు, ఒంగోలు:

మేస్త్రి గారూ, రోపు, రోలర్ల సంగతి ఒప్పుకున్నా. కానీ రొయ్యల గుంటల మీద లంగరు ఎక్కడుంది సార్? చెట్టే ఉండదు.

---

సరివితోపు, కొత్తపట్నం:

చెట్టు లేనిచోట మేం స్టెప్నీ పూడుస్తాం. నడుములోతు గుంట, దాంట్లో చక్రం నిలువుగా. బెల్టు చక్రం నడాన వేసి, లాగే వైపు బెల్టు వచ్చేదారి ఏటవాలుగా తవ్వాలి, నిటారుగా తవ్వితే చక్రం పైకి లేచి వస్తది. ఇసకలో అయితే ఇంకా లోతుకి పోవాలి. చెట్టు ఉంటే సరివి చెట్టుకి మొదట్లో బెల్టు చుట్టు, ఇనప రోపు నేరుగా చుట్టావంటే బెరడు ఊడి చెట్టు పోయిద్ది, తోట గలాయన ఊరుకోడు.

ఇంకో మాట. కొత్త వించ్ వెడల్పుగా వచ్చి బంపరు మార్చాల్సి వస్తే చూసుకో. 2017 డిసెంబరులో కేంద్రం బండ్లకి ముందు బిగించే క్రాష్ గార్డులు, బుల్ బార్ల మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకి రాసింది. పొలంలో తిరిగేదానికి ఎవరూ అడగరు గానీ హైవే ఎక్కితే అడుగుతారు.

---

గుంటకాడి జీపు, విడవలూరు:

అందరికీ పెద్ద దండం. చెప్పినట్టే చేసి వస్తుండా.

బోల్టులు మూడే. బ్యాటరీ నేరుగా ఇస్తే మోటారు రెండు వైపులా గిర్రున తిరిగింది. 14,000 అన్న షాపు సంగతి ఇంక ఎత్తను. సొలినాయిడ్ డబ్బా విప్పితే రెండు కాలి ఉండాయి. ఎర్తు బంపరు బోల్టుకే ఉండాది, ఆటోనగర్ అన్నకి చూడకుండానే తెలిసిపోయింది.

గేర్ల వైపు విప్పడానికి చుక్కలు కనిపించినాయి. అల్యూమినియం బాడీలో ఇనప బోల్టులు, ఉప్పుగాలికి రెండూ కలిసిపోయి ఉండాయి. కిరసనాయిలు పోసి రాత్రంతా వదిలేసి, పొద్దున వేడి చేసి, సుత్తితో చిన్నగా తడతా తిప్పితే వచ్చినాయి. ఒకటి తల విరిగింది, దాన్ని డ్రిల్లు పెట్టి తీయించాల. పళ్లన్నీ శుభ్రంగా ఉండాయి, ఒక్కటి కూడా చెదరలేదు. గ్రీజు మాత్రం నీళ్లు కలిసి తెల్లగా అయిపోయింది. డ్రమ్ము బుష్‌లు ఆడతా ఉండాయి, అవి లేత్‌లో చేయించొచ్చు. బ్రేకు లైనింగ్ అయితే మేస్త్రి గారు అన్నట్టే, ఒక పక్క ఇనుము తేలింది.

అందుకని మిగతా దేనికీ డబ్బులు కట్టలేదు. బ్రేకు కొలతలు తీసి, ఫొటోలతో విడిభాగాలు అమ్మేవాళ్లకి పంపినా. ఒకాయన సరిపోయేది ఉండాదన్నాడు. అది చేతికొచ్చి డ్రమ్ములో సరిగ్గా కూర్చుంటే కాంటాక్టరు, సీళ్లు, బుష్‌లు, వైర్లు అన్నీ చేయిస్తా, అన్నీ కలిపినా కొత్తదాంట్లో సగం లోపే తేలుతుండాది. సెప్టెంబరు ఆఖరు దాకా చూస్తా. సరిపోలేదా, కొత్తది కొని ఈ మోటారు స్పేరుగా పెట్టుకుంటా. ఎటుపోయినా కప్పీ, బెల్టులు మాత్రం నిన్ననే తెచ్చుకున్నా.

బావమరిదికి చెప్తే మూతి ముడుచుకున్నాడు.

ఆటోనగర్ అన్నా, కమ్యుటేటరు మీద నల్ల చారలుండాయి, అభ్రకం రాగికి సమానంగా ఉండాది. కోత వేయించాలా, ఇసక కాగితంతో సరిపెట్టొచ్చా?

---

సెల్ఫ్ డైనమో షాపు, నెల్లూరు ఆటోనగర్:

సమానంగా ఉంటే రెండు రోజుల్లో పైకొస్తాది, కోత వేయించాల్సిందే. ఇసక కాగితం వద్దు, గుండ్రం పోతాది. మోటారు లోపల తిరిగే ముక్క, ఆర్మేచర్, అదొక్కటే గుడ్డలో చుట్టుకుని రా, మోటారు మొత్తం మోసుకురావద్దు. పాత బ్రష్‌లు పారేయకుండా పట్టుకురా, కొలత వాటితోనే దొరకాల. ఆదివారం షాపు ఉండదు.