డ్రాప్-ఇన్ సెంటర్ గడప దగ్గర పేరు అడగాలా, వద్దా?

తీరం (చర్చ ప్రారంభించినవారు):
ఇల్లు లేనివారు పగటిపూట వచ్చి స్నానం చేసి, బట్టలు ఉతుక్కుని, ఫోన్ ఛార్జ్ చేసుకుని, కాసేపు కూర్చుని వెళ్లే ఒక డ్రాప్-ఇన్ సెంటర్‌లో నేను ఆరేళ్లుగా స్వచ్ఛందంగా పనిచేస్తున్నాను. ఇకమీదట లోపలికి వచ్చే ప్రతి ఒక్కరూ రిజిస్టర్‌లో పేరు రాయించాలని, మూడోసారి వచ్చినప్పుడు కేస్ వర్కర్‌తో (ఒక్కొక్కరి అవసరాలు తెలుసుకుని ఇల్లు, పత్రాల వంటి సాయం అందేలా చూసే ఉద్యోగితో) తప్పనిసరిగా మాట్లాడాలని మా నిర్వాహకులు ప్రతిపాదించారు. నేను దీన్ని వ్యతిరేకిస్తున్నాను. సామాను ఎవరు ఎత్తుకుపోతారోనని రాత్రంతా మెలకువగా ఉన్న మనిషికి ముందు కావలసింది నిద్ర. సభ్యుల అభిప్రాయం కోరుతున్నాను.

ఎదురుగాలి:
నిర్వాహకుల మాటే సరైనది. వేడి నీళ్లూ కుర్చీ ఇచ్చి పంపితే వీధిలో బతకడం కాస్త తేలికవుతుందే తప్ప వీధి నుంచి బయటపడటం జరగదు. 1992లో న్యూయార్క్‌లో మనస్తత్వవేత్త శామ్ సెంబెరిస్ మొదలుపెట్టిన ‘హౌసింగ్ ఫస్ట్’ పద్ధతి ఏ షరతూ లేకుండా ముందు ఇల్లు ఇచ్చింది. ఫిన్లాండ్ 2008 నుంచి దాన్ని జాతీయ విధానంగా చేపట్టి, పెద్ద పెద్ద షెల్టర్లను విడి ఫ్లాట్లుగా మార్చింది. కెనడా 2009 నుంచి 2013 వరకు ఐదు నగరాల్లో సుమారు 2,000 మందితో పరీక్షించి చూస్తే, ముందుగా ఇల్లు పొందినవారే మామూలు సేవలు పొందినవారికంటే స్పష్టంగా ఎక్కువ కాలం ఇంట్లో నిలిచారు. డబ్బు ఇళ్లకే వెళ్లాలి. సెంటర్ ఉండాలనుకుంటే, వచ్చేది ఎవరో దానికి తెలియాలి. పేరు తెలియని మనిషికి ఇల్లు ఎలా చూపిస్తారు?

చిరునామా:
నేను పద్నాలుగు నెలలు ఇల్లు లేకుండా గడిపాను. చిరునామా లేదని గుర్తింపు పత్రం ఇవ్వలేదు, పత్రం లేదని బ్యాంకు ఖాతా తెరవలేదు, ఖాతా లేదని నెల జీతం పని దొరకలేదు, పని లేనివాడికి ఎవరూ గది అద్దెకు ఇవ్వలేదు. సెంటర్ తన చిరునామాకు నా ఉత్తరాలు రానివ్వడంతో ఈ ముడి విడిపోవడం మొదలైంది. అయితే అంతకు ముందు ఆరు వారాలు నేను అక్కడ ఎవరితోనూ మాట్లాడలేదు. ఒకరోజు తడిసిన కాగితాలు ఆరబెట్టుకుంటుంటే, బట్టలు ఉతికే యంత్రం దగ్గర పనిచేసే ఆమె “వీటిని దాచుకోవడానికి లాకర్ ఉంది” అన్నారు. మొదటి రోజే పేరు అడిగి ఉంటే వెనక్కి తిరిగేవాణ్ణి. అంతకు ముందు మరో సెంటర్‌లో అలాగే తిరిగి వెళ్లాను.

ఎదురుగాలి:
లాకర్ ఇవ్వడానికీ పేరు కావాలి, ఉత్తరం అందించడానికీ పేరు కావాలి. మీ అనుభవం నా వాదననే బలపరుస్తోంది.

చిరునామా:
లాకర్ కోసం పేరు నేను ఇచ్చాను. గడప దగ్గర ఎవరూ తీసుకోలేదు. ఈ రెండూ ఒకటి కావు.

గడప:
పిలుపు పేరు చెబితే సరిపోదా?

ఎదురుగాలి:
సరిపోదు. ఒకే మనిషి మూడు పేర్లు చెబితే లెక్క ఎలా తేలుతుంది?

మూడోమెట్టు:
నేను చాలాకాలం కేస్ వర్కర్‌గా పనిచేశాను. గది ఖాళీ అయిందని ఫోన్ వచ్చిన రోజు మనిషి ఎక్కడున్నాడో తెలియకపోతే, ఎన్నో నెలలు ఎదురుచూసిన ఆ గది సాయంత్రానికి మరొకరిదవుతుంది. నా చేతుల మీదుగా అలా రెండు పోయాయి. అందుకే ఎదురుగాలి గారి ఆందోళనను నేను తీసిపారేయలేను. అయితే హౌసింగ్ ఫస్ట్ బృందం కూడా మనిషిని ముందు ఎక్కడో ఒకచోట కలవాలి, ఆ చోటు చాలాసార్లు ఇలాంటి సెంటరే. తాళం చెవి చేతికి వచ్చాక తొలి నెలలు మరీ కష్టం: నలుగురి మధ్య నిద్రపోవడానికి అలవాటుపడ్డ మనిషికి నిశ్శబ్దంగా ఉన్న గది భయం పుట్టిస్తుంది, బిల్లులు పేరుకుంటాయి, తలుపు కొట్టేవారు ఉండరు. ఆ దశ కోసమే ‘క్రిటికల్ టైమ్ ఇంటర్వెన్షన్’ అనే పద్ధతిలో తొమ్మిది నెలలపాటు తోడుండి, ఆ తోడును క్రమంగా తగ్గిస్తారు. ఇల్లు దొరికినవారు మళ్లీ సెంటర్‌కు వచ్చి కూర్చుంటే దాన్ని వైఫల్యంగా లెక్కకట్టకండి.

ఎదురుగాలి:
ఇదంతా బాగుంది. తీరం గారూ, మీ ఆరేళ్లలో ఎంతమంది ఇల్లు చేరారు? మీరు చెప్పలేరు, ఎందుకంటే మీరు రాసుకోలేదు.

తీరం:
మీకు మనుషులు కనిపించడం లేదు, రిజిస్టర్ మాత్రమే కనిపిస్తోంది. అలాంటి చోట ఒక్క రోజైనా గడిపారా?

ఎదురుగాలి:
గడిపాను, మా తమ్ముడి కోసం. వాడు నాలుగేళ్లు ఒక సెంటర్‌కు వెళ్లాడు, చివరకు వీధిలోనే చనిపోయాడు. తరువాత నేను వెళ్లి ఫోటో చూపిస్తే అక్కడ అందరికీ ముఖం గుర్తుంది, వాడు కూర్చునే కుర్చీ కూడా గుర్తుంది, పేరు మాత్రం ఒక్కరికీ తెలియదు. నా ఫోన్ నంబర్ వాడి చొక్కా జేబులోనే ఉంది. “నీకెవరైనా ఉన్నారా” అని ఆ నాలుగేళ్లలో ఎవరూ అడగలేదు. పేరు అడగకపోవడమే గౌరవం అనుకున్నందుకు మాకు మిగిలింది ఇది.

తీరం:
క్షమించండి. నేను ఆ మాట అనాల్సింది కాదు.

చిరునామా:
ఎదురుగాలి గారూ, మీ బాధ ముందు ఇది చెప్పడం కష్టంగానే ఉంది, అయినా చెప్పాలి. నాకూ అన్నయ్య ఉన్నాడు. మొదటి సెంటర్ నుంచి నేను వెళ్లిపోయింది ఆ పుస్తకంలో నా పేరు చూసి ఆయన వస్తారనే భయంతోనే. ఆయన చాలా మంచివారు. ఆ స్థితిలో ఆయన కంటపడటం నేను తట్టుకోలేకపోయేవాణ్ణి.

ఎదురుగాలి:
ఇప్పుడు ఆయనతో మాట్లాడుతున్నారా?

చిరునామా:
ఇల్లు దొరికిన మూడో నెలలో నేనే ఫోన్ చేశాను.

మూడోమెట్టు:
అంటే మనం ఇంతసేపూ వాదించింది పుస్తకం గురించి కాదు. వెతికే అన్నకూ, కనబడటానికి ఇంకా సిద్ధపడని తమ్ముడికీ మధ్య సెంటర్ ఎవరి పక్షాన నిలబడాలన్నదే ఇక్కడి ప్రశ్న. నా మటుకు నేను లోపల కూర్చున్న మనిషి పక్షానే ఉంటాను.

తీరం:
గడప దగ్గర పుస్తకం వద్దనే మాట మీద నేను ఉన్నాను. కానీ రోజూ వచ్చే ప్రతి మనిషికీ సిబ్బందిలో ఒకరు బాధ్యులుగా ఉండాలని, వారు కొన్నాళ్లకు “మీ క్షేమం ఎవరికైనా తెలియజేయమంటారా” అని అడగాలని, వద్దంటే ఆ జవాబును మన్నించి కొంతకాలం తరువాత మళ్లీ అడగాలని నిర్వాహకులకు రాస్తాను.

ఎదురుగాలి:
“కొన్నాళ్లకు” అంటే ఎన్నో వారంలో? ఆ సంఖ్య కూడా రాయండి. మా తమ్ముడి విషయంలో ఆ రోజు రాలేదు.