"పాత గుడ్డ"నా, "పొత్తి గుడ్డ"నా? ఒక ఆటవెలది పాదం గురించి

సాగరకెరటం:
చిన్నప్పుడు మహారాణిపేటలో క్రిస్మస్ నాటకానికి మా చేత పాడించిన ఆటవెలదిలో ఒక్క పాదమే నా బుర్రలో మిగిలింది. "పాత గుడ్డ చుట్టి పండబెట్టెను తల్లి." ఈ ఏడు పిల్లలకి నేర్పుదామని మొదలుపెడితే మా పెద్దమ్మ "పాత కాదురా, పొత్తి" అని అడ్డుపడింది. మిగతా మూడు పాదాలు ఎవరికైనా వచ్చా?

పంతులుగారబ్బాయి:
పెద్దమ్మగారిదే రైటు. బైబిల్లో యేసు పుట్టుక చెప్పే లూకా సువార్త రెండో అధ్యాయం ఏడో వచనం, "పొత్తిగుడ్డలతో చుట్టి". పన్నెండో వచనంలో దూత గొల్లలకి చెప్పిన ఆనవాలులోనూ పొత్తిగుడ్డలే. "పాత" అనేది పేదరికం చూపించాలని నాటకాలవాళ్ళు దూర్చిన మాట.

ఛందోభీమిలి:
తొందరపడకండి. పొత్తి, పాత రెండూ గురువు, లఘువు. కాబట్టి గణాలతో తేలదు, యతి చూడాలి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో జతపడాల్సిన అక్షరం. ఆటవెలది మొదటి పాదంలో నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం. ఇక్కడ అది "పండ"లోని "ప". పా-ప కుదురుతుంది, పొ-ప కుదరదు. రెండో అక్షరాలు కలిపే ప్రాసయతి అందామన్నా త్తి ఎక్కడ, డ ఎక్కడ? పద్యం రాసినాయన "పాత" అనే రాశాడు.

పంతులుగారబ్బాయి:
అయితే రాసినాయనే లూకాని సరిగ్గా చదవలేదు.

గాజువాక టీచర్:
అసలు "పాత" అంటే పేదరికమని ఎవరు చెప్పారు తమ్ముడూ? మా ఇళ్ళల్లో పురిటి బిడ్డకి కొత్తబట్ట తగలనివ్వరు. మా అమ్మ తన పాత నేతచీర కొంగు వైపు చింపి, ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, చేత్తో నలిపి మరీ చుట్టేది. ఉతికి ఉతికి మెత్తబడిన గుడ్డయితేనే పసిఒంటికి ఒరుసుకోదు. కలిగినవాళ్ళూ అదే పని చేస్తారు. నాకైతే "పాత"లో తల్లి చెయ్యి కనిపిస్తోంది, లేమి కాదు.

చిట్టివలస పాఠకుడు:
అక్క చెప్పినదానికి ఇంకోటి కలుపుతాను. క్యాథలిక్ బైబిల్లో ఉండే సొలోమోను జ్ఞానగ్రంథం ఏడో అధ్యాయంలో రాజే అంటాడు, తననూ పొత్తిగుడ్డల్లోనే పెంచారని, ఏ రాజు పుట్టుకా ఇంకోలా ఉండదని. యెహెజ్కేలు పదహారులో ఇంకా గట్టిగా ఉంది. బిడ్డకి ఉప్పు రాయకపోవడం, బట్ట చుట్టకపోవడం అక్కడ దిక్కులేని బిడ్డకి గుర్తులు. అంటే గుడ్డ చుట్టారంటే ఆ బిడ్డకి ఎవరో ఉన్నారని లెక్క. గొల్లలకి ఆనవాలు గుడ్డ కాదు, తొట్టి. చుట్టిన బిడ్డ ఏ ఇంట్లోనైనా దొరుకుతాడు, పశువుల తొట్టిలో ఎక్కడ దొరుకుతాడు? లూకా పేదరికం చూపించాలనుకున్న చోటు వేరే ఉంది. బిడ్డని దేవాలయానికి తెచ్చినప్పుడు గొఱ్ఱెపిల్లకి బదులు గువ్వల జత, లేదంటే రెండు పావురపు పిల్లలు. లేవీయకాండం పన్నెండు ప్రకారం అది స్తోమతు లేనివాళ్ళ అర్పణ.

పంతులుగారబ్బాయి:
ఆ తొట్టి కూడా సత్రంలో చోటు లేకే కదా. అక్కడ "సత్రము" అని వేసిన గ్రీకు మాటే లూకా ఇరవై రెండులో "విడిది గది" అయింది. మంచి సమరయుని కథలో పూటకూళ్ళ ఇల్లుకి వేరే మాట. కాబట్టి నిండిపోయింది లాడ్జీ కాదు, చుట్టాలింట్లో విడిది గది. నాటకంలో తలుపేసే సత్రంవాడి వేషం తీసెయ్యండి.

సాగరకెరటం:
బాబోయ్, ఆ వేషం మా మేనల్లుడిది!

లాసన్స్‌బే:
ఇవన్నీ సరే, "పొత్తి" ఎక్కడిది? నా లెక్కలో పొత్తు, పొత్తి ఒకటే. పొత్తు అంటే కలిసి ఉండటం. మత్తయి "దేవుడు మనకు తోడు" అన్నదాన్ని లూకా గుడ్డలో చుట్టి చెప్పాడు. దేవుడు మనిషితో పొత్తు కుదుర్చుకున్నాడు!

ఛందోభీమిలి:
ఎలక్షన్లు దగ్గర్లో లేవు కదండీ? గ్రీకులో రాసిన లూకాకి తెలుగు పొత్తుతో ఏం పని? కౌగిలికి కౌగిళ్ళు ఎలాగో, పొత్తిలికి పొత్తిళ్ళు అలాగ. అటు వెతకండి.

లాసన్స్‌బే:
లూకాకి లేకపోవచ్చు, తెలుగు చేసినవాళ్ళకి ఉండొచ్చుగా. మొక్కజొన్న పొత్తు చూడండి, పొరలు పొరలుగా చుట్టే ఉంటుంది.

చిట్టివలస పాఠకుడు:
తెలుగు చేసింది మన ఊళ్ళోనే మరి. 1805లో లండన్ మిషన్ తరపున క్రాన్, దె గ్రాంజెస్ విశాఖలో దిగారు. ఆనందరాయర్ సాయంతో సువార్తలు తెలుగులో పెట్టారు. ఇద్దరూ 1810కల్లా చనిపోయారు. మత్తయి, మార్కు, లూకా 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ లూకా పేజీ ఎవరి దగ్గరైనా ఉంటే ఫొటో పెట్టండి, పొత్తి అప్పటిదో కాదో తేలుతుంది.

గాజువాక టీచర్:
పద్యం జాషువాదేమో అని ఎవరూ అడగలేదేం? గబ్బిలానికి అకాడమీ బహుమతి వచ్చిన మహాకవి!

ఛందోభీమిలి:
అమ్మా, 1964 బహుమతి క్రీస్తు చరిత్రకి. గబ్బిలం 1941 నాటిది. ఈ పాదం ఆయనది కాదు, జాషువా పద్యం ఇంత నీళ్ళగా నడవదు.

గాజువాక టీచర్:
బహుమతి దేనికైతేనేం, నాకు గబ్బిలమే. గుడిలోకి రానివ్వని మనిషి, శివుడికి తన గోడు చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. దేవుడు తోడున్నాడని గడప లోపలివాళ్ళు చెప్పుకోవడం వేరు, బయట నిలబడినవాడు అడగడం వేరు. బేత్లెహేము కబురు మొదట అందింది పొలంలో రాత్రి మంద కాసేవాళ్ళకే. నేను క్లాసులో ఈ రెండూ కలిపే చెబుతా.

పంతులుగారబ్బాయి:
మీరు పద్యం వదిలేశారు. నాకు తట్టింది చూడండి. "పొత్తి గుడ్డ చుట్టి పొదివి పట్టెను తల్లి." గణాలు సరి, పొ-పొ యతి సరి. సాగరకెరటంగారు రెండో సగం కూడా మార్చి గుర్తుపెట్టుకుని ఉంటారు.

ఛందోభీమిలి:
బాగుంది, కానీ అది మీరు ఇప్పుడు కట్టింది. పొదివి పట్టుకుంటే ఇక తొట్టిలో పడుకోబెట్టేదెప్పుడు?

పంతులుగారబ్బాయి:
రెండో పాదంలో!

ఛందోభీమిలి:
రెండో పాదంలో ఐదూ సూర్యగణాలే, అంటే మూడు మాత్రల చిన్న గణాలే, "తొట్టి" సులువుగా ఇముడుతుంది. ఉండే ఉంటుంది.

సాగరకెరటం:
ఉండే ఉంటుంది కాదు మాస్టారూ, ఉన్నది కావాలి నాకు. శనివారం రిహార్సల్.