మూడిల్ గ్రేడ్‌బుక్: రెండే క్విజ్‌లు రాసిన విద్యార్థికి 95 ఎలా వస్తోంది?

డేటాబేస్_టీచర్ అడిగిన ప్రశ్న

నమస్కారం అండీ. మూడిల్ (ఆన్‌లైన్ కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్) మీద డేటాబేస్ పరిచయం కోర్సు ఒకటి చెబుతున్నాను. పది క్విజ్‌లు, ఒక్కోటి 10 మార్కులకు. రెండు అసైన్‌మెంట్లు, ఒక్కోటి 50కి. చివర్లో 100 మార్కుల పరీక్ష. క్విజ్‌లకు 20 శాతం, అసైన్‌మెంట్లకు 30, పరీక్షకు 50 అని మొదట్లోనే విద్యార్థులకు రాసిచ్చాను. గ్రేడ్‌బుక్‌లో (మార్కుల పట్టికలో) మూడు కేటగిరీలు చేసి, పైన కోర్సు స్థాయిలో వెయిటెడ్ మీన్ (ఆ శాతాల ప్రకారం సగటు) పెట్టాను. లోపలి కేటగిరీలను ముట్టుకోలేదు, అవి నాచురల్‌లోనే (మార్కులను నేరుగా కూడే పద్ధతి) ఉన్నాయి.

ఇప్పటికి ఆరు క్విజ్‌లకు, ఒక అసైన్‌మెంట్‌కు గడువు అయిపోయింది. ఒకబ్బాయి మొదటి రెండు క్విజ్‌లు రాశాడు, 10, 9 వచ్చాయి. ఆ తర్వాత మాయం. అసైన్‌మెంటూ ఇవ్వలేదు. కోర్స్ టోటల్ చూస్తే 95! ఇంకో అమ్మాయి ఆరు క్విజ్‌లూ రాసి 60కి 48 తెచ్చుకుంది, అసైన్‌మెంట్‌లో 50కి 38. ఆమెకు 77.6.

నిన్న ఆ అబ్బాయి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "మేడమ్, నాకు 95 ఉంది కదా, మిగతావి రాయకపోయినా ఫర్వాలేదా?" అని. ఏం చెప్పాలో తోచలేదు.

సెట్టింగ్స్‌లో వెతికితే 'ఎక్స్‌క్లూడ్ ఎంప్టీ గ్రేడ్స్' (ఖాళీ గడులను లెక్కలోంచి వదిలేయడం) అని ఒకటి కనిపించింది. అన్ని చోట్లా ఆ టిక్ తీసి చూశాను. అందరి మార్కులూ దబ్బున పడిపోయాయి, ఆ అమ్మాయికి 21 అయింది! వెంటనే మళ్ళీ టిక్ పెట్టేశాను. ఈలోపు ఎవరైనా చూశారేమో అని టెన్షన్. రెండింటి మధ్య దారి ఏదైనా ఉందా?

పాత_చాక్‌పీస్

మేడమ్, ముందు ఆ టెన్షన్ వదిలేయండి. టిక్ తీసినా పెట్టినా అసలు మార్కులకు ఏమీ కాదు, టోటల్ మళ్ళీ లెక్కకడుతుంది, అంతే.

ఇక 95 సంగతి. గ్రేడ్‌బుక్ లెక్క తప్పేమీ కట్టలేదు. "మార్కులు పడ్డ వాటిలో ఎంత వచ్చింది?" అన్నదానికి అది జవాబు చెబుతోంది. మీకు కావలసింది "గడువు ముగిసిన వాటిలో ఎంత వచ్చింది?" అన్నది. టోటల్ కట్టేటప్పుడు గడువు తేదీలను అది చూడదు. ఖాళీ గడి కనబడితే అది వచ్చే నెల రాయబోయే పరీక్షా, పోయిన వారం ఎగ్గొట్టిన క్విజ్జా అన్నది దానికి తెలియదు. టిక్ ఉంటే రెండింటినీ వదిలేస్తుంది, టిక్ తీస్తే రెండింటికీ సున్నా వేస్తుంది. అందుకే ఆ అమ్మాయికి 21 వచ్చింది: పది క్విజ్‌ల 100 మార్కులకు 48 అంటే 20లో 9.6, రెండు అసైన్‌మెంట్ల 100కి 38 అంటే 30లో 11.4, ఇంకా జరగని పరీక్షకు గుండు సున్నా.

కాబట్టి టిక్ అలాగే ఉండనివ్వండి. గడువు దాటిన ఖాళీల్లో మాత్రం మీరే సున్నా వేయండి. అప్పుడు మీ అబ్బాయికి క్విజ్‌లలో 60కి 19, అసైన్‌మెంట్‌లో 0. రెండు కేటగిరీలూ 20:30 పాళ్ళలో కలిపితే 12.67కి దిగుతాడు. ఆ అమ్మాయి 77.6 దగ్గరే ఉంటుంది. మెసేజ్‌కు జవాబు కూడా మీరు రాయనక్కర్లేదు, అతనికే తెలుస్తుంది.

సున్నా ఎక్కడ వేస్తున్నారన్నది ముఖ్యం. అసైన్‌మెంట్ అయితే గ్రేడ్‌బుక్ జోలికి పోకండి. ఆ అసైన్‌మెంట్ సబ్‌మిషన్ల పేజీలోనే క్విక్ గ్రేడింగ్ (జాబితాలోనే నేరుగా మార్కులు వేసే వీలు) పెట్టుకుని వేయండి, ఏమీ ఇవ్వనివాళ్ళకు కూడా అక్కడ మార్కు వేయవచ్చు. క్విజ్‌కు ఆ వీలు లేదు, రాయని క్విజ్‌కు దాని లోపల మార్కు వేసే చోటే ఉండదు. దానికి గ్రేడ్‌బుక్‌లో సింగిల్ వ్యూ (ఒక్క క్విజ్ మార్కులే చూపే పేజీ) తెరిచి, ఆ క్విజ్‌ను ఎంచుకుని, బల్క్ ఇన్సర్ట్‌లో (ఒకేసారి నింపే చోట) 'ఎంప్టీ గ్రేడ్స్' అని పెట్టి 0 ఇచ్చి సేవ్ చేయండి. రాసినవాళ్ళ మార్కులు కదలవు. అయితే ఇలా వేసిన మార్కు ఓవర్‌రైడ్ (క్విజ్ మార్కును పక్కకు నెట్టి మీరు వేసిన మార్కు) కింద పడుతుంది. ఆ తర్వాత క్విజ్‌లో ఏం జరిగినా ఆ గడి మారదు. ఇది మర్చిపోతే తర్వాత జుట్టు పీక్కోవాలి.

ఒంట్లో బాగోక రాయలేకపోయినవాళ్ళకు సున్నా వేయకండి. అదే సింగిల్ వ్యూలో పక్కన 'ఎక్స్‌క్లూడ్' గడి ఉంటుంది. అది టిక్ చేస్తే ఆ ఒక్కరికి, ఆ ఒక్క క్విజ్ లెక్కలోంచి పోతుంది.

రాత్రి_ట్యూటర్

పై సలహా బాగుంది, కానీ క్లాసు పెద్దదైతే ఆరు క్విజ్‌లకు ఆరుసార్లు సింగిల్ వ్యూ తెరవడం విసుగు. నేనైతే ఎక్స్‌పోర్ట్ చేసి, స్ప్రెడ్‌షీట్‌లో నింపి, సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన సాదా ఫైలు) ఇంపోర్ట్ చేస్తాను.

మొదట దించుకున్న ఫైలును ముట్టుకోకుండా ఒక కాపీ దాచుకోండి. ఖాళీ గడులు ఎక్స్‌పోర్ట్‌లో గీతలుగా వస్తాయి. గడువు దాటిన కాలమ్‌లలో మాత్రమే వాటిని 0 చేయాలి. 'అన్నీ రీప్లేస్' నొక్కారంటే జరగని పరీక్షకూ సున్నాలు పడతాయి! విద్యార్థిని గుర్తించడానికి ఈమెయిల్ వాడండి. ఐడీ నంబరు సున్నాతో మొదలైతే స్ప్రెడ్‌షీట్ ఆ ముందు సున్నాను మింగేస్తుంది, ఇంపోర్ట్ ఆ విద్యార్థిని గుర్తుపట్టదు. పేర్లు తెలుగులో ఉంటే ఫైలును యూటీఎఫ్-8లో (తెలుగు అక్షరాలు చెడకుండా ఉంచే పద్ధతి) సేవ్ చేయండి, లేకపోతే అక్షరాలన్నీ పిచ్చిగీతలవుతాయి. ముందు ఒకే ఒక్క వరుసతో ఇంపోర్ట్ చేసి, సరిగా పడిందని చూసుకున్నాకే మిగతావి.

పాత_చాక్‌పీస్

@రాత్రి_ట్యూటర్ ఒక్కటి కలుపుతాను. క్విజ్ కాలమ్‌లోకి ఇంపోర్ట్ చేసిన మార్కులు కూడా ఓవర్‌రైడే అవుతాయి. ఫైలులో రాసినవాళ్ళ మార్కులు కూడా ఉంటే వాళ్ళ గడులూ బిగుసుకుపోతాయి. తర్వాత ఒక ప్రశ్నలో కీ తప్పని తేలి రీగ్రేడ్ చేశారనుకోండి, క్విజ్‌లో మార్కు పెరుగుతుంది, గ్రేడ్‌బుక్‌లో పెరగదు. అందుకే ఒక్కో క్విజ్‌కు ఇంపోర్ట్ ఫైలులో ఆ క్విజ్ రాయనివాళ్ళ వరుసలే ఉంచండి.

కోర్సు_సమన్వయకర్త

లెక్కల విషయంలో చెప్పడానికి నాకేం మిగల్లేదు. కానీ సున్నాలు వేసే ముందు ఒక్క ప్రకటన పెట్టండి మేడమ్. "ఫలానా రోజు నుంచి, గడువు దాటినా ఇవ్వనివాటికి 0 పడుతుంది, అభ్యంతరాలుంటే ఈలోపు చెప్పండి" అని. 95 ఉందనుకున్న పిల్లవాడికి ఒక ఉదయం 12.67 కనబడితే, అతను మొదట అనుకునేది సిస్టమ్ పాడైందనే. ఆ తర్వాత మీకు ఫోన్లు.

నన్నడిగితే కోర్సు సగంలో ఉండగా కోర్స్ టోటల్ చూపించడమే అనవసరం. గ్రేడ్‌బుక్ సెటప్‌లో కోర్స్ టోటల్‌ను హైడ్ చేస్తే విడి మార్కులు విద్యార్థికి కనబడతాయి, టోటల్ కనబడదు. మీకు మాత్రం రెండూ కనబడతాయి. అదొక్కటీ చేసి ఉంటే ఆ మెసేజే వచ్చేది కాదు.

అసైన్‌మెంట్ దిద్దుతూ మధ్యలో ఆ కాలమ్‌ను దాచే అలవాటుందా? అయితే దాచిన ఐటమ్‌లు ఉన్నప్పుడు టోటల్ ఏం చేయాలో కోర్సు గ్రేడ్ సెట్టింగ్స్‌లో చూసుకోండి. టోటల్‌ను కూడా దాచేయమనవచ్చు, దాచినవి వదిలేసి లెక్కగట్టమనవచ్చు, కలిపి లెక్కగట్టమనవచ్చు. ఈ మూడోది పెడితే, చురుకైన విద్యార్థి టోటల్‌లోంచి వెనక్కి లెక్కగట్టి దాచిన మార్కు కనిపెట్టేస్తాడు.

డేటాబేస్_టీచర్

అందరికీ చాలా థాంక్స్ అండీ. ప్రకటన పెట్టాను, గడువు ఇచ్చాను, తర్వాత సింగిల్ వ్యూలో సున్నాలు వేశాను. ఆ అబ్బాయికి ఇప్పుడు సరిగ్గా 12.67. "ఏం రాస్తే పాస్ అవుతాను మేడమ్" అని అడిగాడు, అది మంచి ప్రశ్నే.

ఇప్పుడు ఇంకో చిక్కు. ప్రకటన చూసి ఒకమ్మాయి నాలుగో క్విజ్‌కు సరైన కారణమే చెప్పింది. ఆమెకు మాత్రం గడువు పెంచాను, రాసింది, 8 వచ్చింది. క్విజ్ లోపల 8 కనబడుతోంది, గ్రేడ్‌బుక్‌లో 0 అలాగే ఉంది. పేజీ ఎన్నిసార్లు రీఫ్రెష్ చేసినా అంతే.

ఇంకో సంగతి, పది క్విజ్‌లలో తక్కువ వచ్చిన రెండు వదిలేస్తానని పిల్లలకు మాటిచ్చాను. అది ఇప్పుడే పెట్టవచ్చా?

పాత_చాక్‌పీస్

జుట్టు పీక్కోవాలని నేను చెప్పిన చోటికే వచ్చారు. ఆ 0 ఓవర్‌రైడ్ అయిన మార్కు. ఎడిట్ మోడ్ ఆన్ చేసి, గ్రేడర్ రిపోర్ట్‌లో (క్లాసు అందరి మార్కుల పట్టిక) ఆ అమ్మాయి గడిని ఎడిట్‌లో తెరిచి 'ఓవర్‌రిడెన్' టిక్ తీసి సేవ్ చేయండి. క్విజ్‌లోంచి 8 దానంతటదే వస్తుంది. ఆ గడిలో 8 అని మీరే టైప్ చేయాలనిపిస్తుంది, చేయకండి. అలా చేస్తే ఓవర్‌రైడ్ అలాగే ఉంటుంది, ఇంకో మార్పు వచ్చినప్పుడు మళ్ళీ ఇదే కథ.

తక్కువ వచ్చిన రెండు వదలడానికి క్విజ్ కేటగిరీ సెట్టింగ్స్‌లో 'డ్రాప్ ది లోయెస్ట్' దగ్గర 2 పెట్టాలి. ఆ కేటగిరీలో అన్నిటికీ ఒకే గరిష్ఠ మార్కు ఉంటేనే అది సవ్యంగా పనిచేస్తుంది, మీవన్నీ 10కే కాబట్టి ఇబ్బంది లేదు. కానీ ఇప్పుడే పెట్టకండి. ఆరు క్విజ్‌లలో రెండు వదిలితే నాలుగింటి మీద టోటల్ వస్తుంది, అందరికీ ఇప్పటి పరిస్థితి ఉన్నదానికంటే బాగా కనబడుతుంది. పదో క్విజ్ గడువు అయ్యాక, సున్నాలన్నీ పడ్డాక పెట్టండి. సున్నాలు వేయకుండా పెడితే ఎగ్గొట్టిన క్విజ్‌లు వదిలేవాటి లెక్కలోకే రావు. రెండు క్విజ్‌లు ఎగ్గొట్టినవాడికి ఆ రెండూ ఎలాగూ పోతాయి, పైగా రాసినవాటిలో తక్కువ వచ్చిన రెండూ పోతాయి.

డేటాబేస్_టీచర్

టిక్ తీయగానే 8 వచ్చేసింది! డ్రాప్ చివరికే ఉంచుతాను. ఎవరైనా "నాకు ముందు వేరే మార్కు ఉండేది" అంటే చూపించడానికి ఏమైనా ఉంటుందా?

కోర్సు_సమన్వయకర్త

గ్రేడ్ హిస్టరీ రిపోర్ట్ ఉంది. విద్యార్థి పేరు ఇస్తే ఏ మార్కు ఎప్పుడు, ఎవరు మార్చారో, పాతది ఎంత, కొత్తది ఎంత అన్నీ వస్తాయి. మీరు బల్క్‌గా వేసిన సున్నాలు కూడా మీ పేరుతోనే ఉంటాయి.

చివరి పరీక్ష మార్కులు పడ్డాక రీవాల్యుయేషన్ అడిగేవాళ్ళకు కొన్ని రోజులు గడువివ్వండి. అది అయ్యాక కోర్స్ టోటల్‌ను లాక్ చేసి, ఒక ఎక్స్‌పోర్ట్ తీసి పెట్టుకోండి. లాక్ ముందే వేస్తే, లోపల క్విజ్‌లో మార్కు పెంచినా పైన టోటల్ కదలదు, మళ్ళీ అన్‌లాక్ చేసుకోవాలి.