గేమ్స్ పీరియడ్ తీసేసి పిల్లలకు యోగా పెట్టడం సబబేనా?

మూడో అంతస్తు నాన్న:
మావాడు హైదరాబాద్‌లో ఆరో తరగతి. ఈ ఏడాది వారానికి మూడు గేమ్స్ పీరియడ్లలో రెండు తీసేసి యోగా పెట్టారు, అదీ క్లాసులోనే బెంచీల మధ్య నిలబెట్టి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు సగటున రోజుకు 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కళ్లు మూసుకుని కూర్చుంటే ఆ అలుపు ఎక్కణ్ణుంచి వస్తుంది?

మన్యం టీచర్:
యోగా అంటే కళ్లు మూసుకోవడం ఒక్కటే కాదండీ. నేను పాడేరు వైపు ఆశ్రమ పాఠశాలలో పనిచేస్తాను. 2025 జూన్ 20న విశాఖలో 22 వేలమందికి పైగా గిరిజన విద్యార్థులు 108 నిమిషాల్లో 108 సూర్యనమస్కారాలు చేశారు, మా పిల్లలూ వెళ్లారు. అది అలుపు కాదా? ఇంకో మాట. మా దగ్గర ఒక పాప ఏడో తరగతిలో ఉన్నప్పుడు పాఠం పైకి చదవమంటే గొంతు పట్టేసి, పుస్తకం అంచు గోటితో గిల్లుకుంటూ నిలబడిపోయేది. నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలమని రోజూ చేయించాను. ఊపిరి నిదానంగా వదిలితే గుండె దడ తగ్గుతుంది, టెన్షన్ దిగుతుంది. దసరా సెలవులయ్యాక పేజీ మొత్తం ఆగకుండా చదివింది.

కాకినాడ అమ్మ:
టిఫిన్ తిన్నాక ఎంతసేపు ఆగాలి? మా పాపకు తొమ్మిదింటికి చేయిస్తుంటే వాంతులవుతున్నాయి.

మూడో అంతస్తు నాన్న:
108 అంటే పెద్దవాళ్లకే మోకాళ్లు పట్టేస్తాయి మేడమ్. అది రికార్డు కోసం చేయించింది, పిల్లల కోసం కాదు.

మన్యం టీచర్:
నిమిషానికి ఒకటి. సాధన చేయించాకే తీసుకెళ్లాం. రోజూ 108 చేయించమని నేనెక్కడ అన్నాను?

గుంటూరు 88:
2017లోనే సుప్రీంకోర్టు బడుల్లో యోగాను తప్పనిసరి చేయమని ఆదేశించడానికి ఒప్పుకోలేదు. ఇష్టమున్నవాళ్లు చేస్తారు.

నల్గొండ నుంచి:
మంత్రాలు లేకుండా ఆసనాలు మాత్రమే చేయించమని మేం అడిగాం, సార్ సరేనన్నారు. మా పిల్లలకు ఇబ్బంది లేదు.

మూడో అంతస్తు నాన్న:
మావాడితో శీర్షాసనం వేయించారు. మెడ పట్టేసి మూడు రోజులు తల తిప్పలేకపోయాడు. దీన్ని లాభం అంటారా?

మన్యం టీచర్:
చిన్నపిల్లలతో శీర్షాసనం ఎవరు వేయించమన్నారు? మీ స్కూలు చేసిన తప్పు తెచ్చి యోగా మీద రుద్దకండి. నేను ఊపిరి గురించి చెబితే మీరు 108 దగ్గరే ఆగిపోయారు.

మూడో అంతస్తు నాన్న:
మీకు గ్రౌండు ఉంది కాబట్టి ఎన్నయినా చెబుతారు. మా స్కూల్లో ఉన్న కాస్త ఖాళీలో కొత్త బ్లాకు కట్టేశారు. గ్రౌండు ఏదని అడిగితే యోగా ఉంది కదా అంటున్నారు! బంతి కొనక్కర్లేదు, స్థలం అక్కర్లేదు. నా కోపం అదీ.

మన్యం టీచర్:
గ్రౌండు ఉంటే సరిపోతుందా? మాకు పీఈటీ లేక రెండేళ్లయింది. ఉన్న ఒక్క వాలీబాల్‌కు పంక్చర్. నేను లెక్కలు చెప్పేదాన్ని. పొద్దున్న ఆరింటికి నేను చేయించకపోతే వాళ్లకు అదీ ఉండదు.

మూడో అంతస్తు నాన్న:
చూశారా, మీరు ఇలా నెట్టుకొస్తున్నంత కాలం మీకు పీఈటీని ఎవరూ వేయరు. కోపం వద్దు మేడమ్, మిమ్మల్ని తప్పు పట్టడం లేదు, కానీ యోగాను అడ్డం పెట్టుకునే మన పిల్లల ఆటలు ఎగ్గొడుతున్నారు.

మన్యం టీచర్:
పీఈటీ కోసం అర్జీ రెండుసార్లు పెట్టాను, మళ్లీ పెడతాను. అది వచ్చేదాకా చేయించడం మానేయమంటే మాత్రం మానను. ఆ పాప ఇప్పుడు ఎనిమిదో తరగతి, ఇంకో రెండేళ్లలో బడి దాటిపోతుంది.

కాకినాడ అమ్మగారూ, టిఫిన్ తిన్నాక కనీసం రెండు గంటలు ఆగాలి. తొమ్మిదింటికి వద్దని స్కూల్లో గట్టిగా చెప్పండి.