బడి మాన్పించి ఇంట్లో చదివించడం కతోలిక తల్లికి తగిన పనేనా?

పటమట తల్లి
జూన్‌లో బడులు తెరిచేలోగా టీసీ తీసుకోవాలా వద్దా అని సతమతమవుతున్న తల్లులు మన విజయవాడ, గుంటూరు మేత్రాసనాల్లో (బిషప్పుల పరిధుల్లో) ఉన్నారు. ధైర్యం చాలక ఆగిపోయే వాళ్ల కోసమే ఈ చర్చ పెడుతున్నాను. నా మాట ఇది: ఐదో తరగతి దాకా, చదవడం రాయడం బాగా వచ్చిన ఏ తల్లైనా ఇంట్లో చదువు చెప్పగలదు, సంతోషంగా చెప్పగలదు. విశ్వాసం నేర్పడానికి ఇంటికన్నా మంచి చోటు లేదు.

శ్రీసభ (కతోలిక సంఘం) బోధ కూడా మనకు అండగానే ఉంది. రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న విద్య గురించి వెలువరించిన పత్రం, 3వ పేరా చూడండి. బిడ్డలకు మొదటి గురువులు, ముఖ్య గురువులు తల్లిదండ్రులేనని అందులో ఉంది. 1981లో రెండవ జాన్‌పాల్ జగద్గురువులు కుటుంబం గురించి రాసిన పత్రం 36వ పేరా ఇంకో మెట్టు ఎక్కి, ఆ హక్కును ఎవరూ లాక్కోలేరనీ, తల్లిదండ్రులు కూడా పూర్తిగా ఇంకొకరికి వదిలేయలేరనీ చెబుతుంది. ఫ్రాన్సుకు చెందిన పునీతురాలు చిన్న తెరేజమ్మ ఎనిమిదిన్నరేళ్ల దాకా అక్క పోలీన్ దగ్గర ఇంట్లోనే చదువుకుంది.

ఇంటి చదువు మొదలుపెట్టిన మూడు నెలలకే తల్లులు అలిసిపోవడానికి కారణం ఎక్కువగా ఒకటే. బడిని మొత్తం ఇంట్లోకి తెచ్చి పెట్టుకుంటారు. ఏడు పీరియడ్లు, సబ్జెక్టుకో నోటు పుస్తకం, సాయంత్రం మళ్లీ హోంవర్కు. నలభై మందికి హాజరు వేసి, పుస్తకాలు దిద్ది, అల్లరి ఆపాలి కాబట్టి బడికి ఆరేడు గంటలు కావాలి. ఎదురుగా కూర్చున్నది ఒక్క బిడ్డ అయితే ఆరేళ్లవాడికి రోజుకు గంటన్నర, పదేళ్లవాడికి మూడు గంటలు చాలు. చిన్నవాళ్లకు ఒక పాఠం ఇరవై నిమిషాలు దాటనివ్వకండి. మన ఎండలకు పొద్దున ఏడున్నరకు మొదలుపెట్టి పదిన్నరలోపు ముగించాలి. లెక్కలు, చదవడం రోజూ ఉండాలి. సైన్సు, సాంఘికం వారానికి రెండేసి సార్లు చాలు. ఇంతకు మించి టైంటేబుల్ వేసుకుంటే వంట, చంటిబిడ్డ, చదువు మూడూ చెడతాయి.

గుణదల ఉపాధ్యాయిని
అమ్మా, మీ ఆరాటం అర్థమవుతోంది. కానీ ఆ పత్రాన్ని 3వ పేరా దగ్గరే ఆపకండి. 8వ పేరా వరకు వెళితే, వీలున్న చోటల్లా, వీలున్నప్పుడల్లా బిడ్డలను కతోలిక బడులకు పంపడం తల్లిదండ్రుల బాధ్యత అని మహాసభ గుర్తు చేస్తుంది. 1983 శ్రీసభ చట్టం 798వ నియమం ఇంకా స్పష్టంగా ఉంది. కతోలిక విద్య దొరికే బడికి అప్పగించాలి, అది కుదరకపోతే బడి బయట తగిన కతోలిక విద్య అందేలా చూడాలి. ముందు బడి, కుదరనప్పుడే బయట. మన దగ్గర కుదరదని ఎలా అంటాం? సిస్టర్స్ బడులు, ఫాదర్ల బడులు రెండు నగరాల్లోనూ ఉన్నాయి. 1953లో ఆంధ్ర లొయోలా, 1962లో మారిస్ స్టెల్లా కళాశాలలు విజయవాడలో వెలిశాయంటే చదువు కోసం శ్రీసభ ఇక్కడ ఎంత శ్రమపడిందో తెలుస్తుంది.

తెరేజమ్మ సంగతి కూడా పూర్తిగా చెప్పుకుందాం. ఎనిమిదిన్నర తర్వాత ఆమె బెనెడిక్ట్ సభ సిస్టర్ల బడికి వెళ్లింది.

డబ్బు సంగతి కూడా ఉంది. రాష్ట్ర ప్రభుత్వ ‘తల్లికి వందనం’ పథకం కింద ఏటా ఒక్కో బిడ్డకు 13,000 రూపాయలు తల్లి ఖాతాలో పడుతున్నాయి. బడిలో పేరు, 75 శాతం హాజరు లేకపోతే అది రాదు. ఇద్దరు బిడ్డలున్న ఇంట్లో అది చిన్న మొత్తం కాదు. ఎవరి మాటో విని టీసీ తీసేసుకునే ముందు భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఈ లెక్క వేసుకోవాలి.

పటమట తల్లి
టీచరమ్మ గారూ, 798వ నియమం చివరి భాగం మాకూ చోటిస్తోంది కదా. కతోలిక బడి ఫీజు కట్టలేనివాళ్లు ఉన్నారు. పేరుకు కతోలిక బడే అయినా ర్యాంకుల ఒత్తిడిలో సత్యోపదేశం (విశ్వాస పాఠాలు) వారానికి ఒక్క పీరియడుకు కుదించుకుపోయిన చోట్లు ఉన్నాయి. ఇక తెరేజమ్మ ఆ బడిలో సుఖంగా లేదు. పదమూడేళ్లప్పుడు బడి మానేసి మళ్లీ విడిగా పాఠాలు చెప్పించుకుంది.

గుంటూరు లెక్కల మాస్టారు
పత్రాల వాదన అలా ఉంచి, ఇంటి చదువు నిజంగా ఎక్కడ దెబ్బతింటుందో చెబుతాను. తల్లి ప్రేమకు లోటుండదు. తప్పు ఎక్కడ జరుగుతుందో పట్టుకోవడం తెలియకే దెబ్బతింటుంది.

మొదట తెలుగు చదవడం. అ నుంచి ఱ దాకా పాటలా గడగడా చెప్పే పిల్లవాడికి అక్షరాలు వచ్చేశాయని అనుకుంటారు. వాడికి వచ్చింది వరుస. పేపర్లో ఎక్కడో ఒక ‘థ’ మీద వేలు పెట్టి అడిగితే తడబడతాడు. గుణింతం కూడా అంతే. క కా కి కీ అని ఆపకుండా చెబుతాడు, విడిగా ‘కె’ చూపిస్తే మొదటి నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తాడు. అందుకని అక్షరాలు అట్టముక్కల మీద రాసి, కలిపేసి, రోజుకు పది తీసి చూపించండి. తొమ్మిది తడుముకోకుండా చెప్పేదాకా కొత్తవి ఇవ్వకండి. ఒత్తులు చివర. అందులోనూ అసలు అక్షరం పోలిక కనిపించేవి ముందు. త, న, మ, య, ర, ల ఈ ఆరింటి ఒత్తులకు అసలు అక్షరంతో పోలిక ఉండదు కాబట్టి వీటికి విడిగా రెండు వారాలు కేటాయించాలి. ‘క్ర’, ‘త్య’ దగ్గర తడబడే ఐదో తరగతి పిల్లలకు ఈ మెట్టు ఎవరో దాటించేసి ఉంటారు.

జపాల పుస్తకంతో చదవడం నేర్పుతామనేవాళ్లకు ఒక హెచ్చరిక. కంఠస్థం వచ్చిన పరలోక జపం మీద వేలు నడిపిస్తే అది చదవడం కాదు, నోరు ముందు పోతుంది, వేలు వెనక వస్తుంది. వచ్చే ఆదివారం సువిశేష పఠనంలో నాలుగు వాక్యాలు తీసుకోండి. అవి బిడ్డకు కంఠస్థం రావు కాబట్టి చదివి తీరాలి.

లెక్కల్లో అసలు పునాది స్థానవిలువ. వంద అగ్గిపుల్లలు, పది రబ్బరు బ్యాండ్లు తెచ్చుకోండి. పదేసి కట్టలు కట్టించండి. 52లోంచి 27 తీసేయమంటే చాలామంది పిల్లలు 35 అని రాస్తారు. ఎందుకో చూడండి: రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేస్తారు. ఇలాంటప్పుడు ‘అప్పు తెచ్చుకో’ అని పదిసార్లు చెప్పినా లాభం లేదు. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు ముందు పెట్టి, ఏడు ఇవ్వమని అడగండి. ఇవ్వలేక ఒక కట్ట విప్పుతాడు. ఆ విప్పడమే అప్పు. పుల్లలతో ఇరవై లెక్కలు చేశాకే కాగితం మీదికి రావాలి. మూడో తరగతి వాడికి ఎక్కాలు పది దాకా వచ్చినా, ఈ కట్ట విప్పడం రాకపోతే నాలుగులో భాగహారం దగ్గర ఆగిపోతాడు.

పుస్తకాలకు ఖర్చు అక్కర్లేదు. మన ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీషు ఉన్నవి తీసుకుంటే ఇంగ్లీషు అంతంత మాత్రం వచ్చిన తల్లికి కూడా ఇబ్బంది ఉండదు.

అరండల్‌పేట నాన్న
మాస్టారు గారూ, అట్టముక్కల పద్ధతి చాలా ఉపయోగం. నేను కాగితాల సంగతి రాస్తాను, ఎక్కువమంది చిక్కుకునేది అక్కడే.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల బిడ్డను దగ్గరి బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని 10వ సెక్షన్ అంటుంది. చేర్పించని తల్లిదండ్రులకు శిక్ష వేసే సెక్షన్ అందులో లేదు, అలాగని ఇంటి చదువును గుర్తించే సెక్షనూ లేదు. ఈ రెండు ముక్కలూ తెలిసే దిగాలి. వెనక్కి రావాలనుకుంటే 4వ సెక్షన్ ఉంది: బడికి వెళ్లని బిడ్డను వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి, వెనకబడి ఉంటే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి.

బడి మాన్పించేటప్పుడు టీసీతో పాటు చివరి తరగతి మార్కుల కాగితం, పెన్ నంబరు (ప్రతి విద్యార్థికి ఇచ్చే శాశ్వత విద్యా సంఖ్య) తప్పకుండా తీసుకోండి. తర్వాత ఏ బడిలో చేర్చినా ఆ నంబరు, పుట్టిన తేదీ కొడితేనే పాత వివరాలు కొత్త బడి ఖాతాలోకి వస్తాయి.

పదో తరగతికి ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్) ఉంది, మన రాష్ట్ర ఓపెన్ స్కూల్ కూడా ఉంది. ఎన్‌ఐఓఎస్‌లో పదికి కనీస వయసు పద్నాలుగు. ఐదు సబ్జెక్టులు పాసవ్వాలి, తెలుగు మీడియం ఉంది, ఏడాదికి రెండుసార్లు పరీక్షలు, ఒకసారి చేరితే ఐదేళ్ల గడువు. సబ్జెక్టులు ఒకేసారి కాకుండా విడివిడిగా రాసుకోవచ్చు. పాస్ మార్కులు 33 శాతం. ఇంట్లో రాసి పంపే అసైన్‌మెంట్లకు థియరీలో 20 శాతం మార్కులుంటాయి. ఇవి పంపకుండా పరీక్షకు వెళ్లేవాళ్లు చేతికందే మార్కులు పోగొట్టుకుంటున్నట్టే.

అసలు చిక్కు పేరు దగ్గర వస్తుంది. మన ఇళ్లలో జ్ఞానస్నానం పేరు ఒకటి, మున్సిపాలిటీ జనన ధ్రువపత్రంలో ఇంకొకటి, ఆధార్‌లో ఇంటిపేరు ముందో వెనకో. బడిలో ఉంటే హెడ్‌మాస్టరు గారు ఎప్పుడో ఒకప్పుడు అడిగి సరిచేయిస్తారు. ఇంట్లో అడిగేవాళ్లు లేరు. పద్నాలుగో ఏట అప్లికేషన్ పెట్టేటప్పుడు బయటపడుతుంది. జనన ధ్రువపత్రంలో ఉన్న పేరే, అదే స్పెల్లింగుతో, ఆధార్‌లో ఉండేలా ఇప్పుడే చూసుకోండి.

గుణదల ఉపాధ్యాయిని
చక్కగా చెప్పారు బ్రదర్. కానీ ఆరో తరగతి నుంచి సైన్సు ప్రయోగాలు, హిందీ, ఆల్జీబ్రా అన్నీ ఒక్క తల్లే చెప్పాలంటే ఎలా? తోటి పిల్లలతో ఆట, గొడవపడి కలిసిపోవడం, ఇంకొకరి మాట వినడం ఇంట్లో ఎక్కడ దొరుకుతాయి?

ఫిరంగిపురం ఉపదేశి
అందరికీ వందనాలు. విశ్వాసం సంగతి ఎవరూ వివరంగా ముట్టుకోలేదు, చర్చ మొదలైంది దాని గురించే.

ఇంట్లో చదివించే తల్లులు చేసే పొరపాటు, సత్యోపదేశాన్ని ఇంకో సబ్జెక్టు చేసేయడం. ప్రశ్న, జవాబు, అప్పగింత. జవాబు తప్పితే కోపం. అలా నేర్చిన బిడ్డకు దేవుడి పేరు వింటే పరీక్ష గుర్తొస్తుంది. ఆరేళ్ల బిడ్డను జపమాల యాభై మూడు పూసలూ మోకాళ్ల మీద ఉంచితే పదో నిమిషానికి కునుకుతాడు, తల్లి కసురుతుంది, అక్కడితో ప్రార్థన అంటే శిక్ష అవుతుంది. ఒక్క దేవరహస్యం (యేసు, మరియమాతల జీవితంలో ధ్యానించే ఒక ఘట్టం), పది మంగళవార్త జపాలు చాలు. నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది. దేవరహస్యం ఏమిటో ముందు రెండు వాక్యాల్లో చెప్పి, మనసులో ఊహించుకోమనండి. ఏడెనిమిదేళ్లు వచ్చాక రెండు, మూడు చేయొచ్చు. బిడ్డే ‘ఇంకోటి చేద్దాం’ అనేలా ఉండాలి.

అర్చన సంవత్సరమే, అంటే శ్రీసభ పండుగల వరుసే, మీకు టైంటేబుల్. ఆగమన కాలంలో నాలుగు కొవ్వొత్తులు, మూడు ఊదా, ఒకటి గులాబీ. గులాబీది మూడో ఆదివారం వెలిగిస్తారు. క్రిస్మస్‌కు ఎన్ని రోజులు మిగిలాయో రోజూ లెక్కపెట్టించండి, తీసివేత కూడా వస్తుంది. ఈస్టరుకు ముందు వచ్చే తపస్కాలం శుక్రవారాల్లో పద్నాలుగు స్థలాల సిలువ మార్గం, చిన్నవాళ్లకు వారానికి రెండు స్థలాలు చాలు. మే, అక్టోబరు మరియమాత నెలలు. ఫిబ్రవరి 11న గుణదల మాత పండుగకు ముందు వారంలో లూర్దు గురించి, అక్కడ మరియమాత దర్శనం పొందిన బెర్నదెత్తమ్మ గురించి చెప్పి, పటంలో ఫ్రాన్సు చూపించండి. భూగోళం పాఠం విడిగా అక్కర్లేదు. పునీతుల్లో దూరం వాళ్లే కాకుండా 2022 మే 15న పునీతుడైన దేవసహాయం గారిని చెప్పండి. పెళ్లయి సంసారం ఉన్న గృహస్థుడు, పక్క తమిళనాడు వాడు.

బిడ్డ మొదటి దివ్యసత్ప్రసాదం (కమ్యూనియన్) విషయంలో ఒకటి గట్టిగా చెప్పాలి. శ్రీసభ చట్టం 914వ నియమం బిడ్డను సిద్ధం చేసే బాధ్యత మొదట తల్లిదండ్రులకు, వారితో పాటు విచారణ (పారిష్) గురువులకు ఇచ్చింది. ముందు పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) ఉండాలి. కాబట్టి బడి మాన్పించిన రోజే ఫాదర్ గారిని కలిసి చెప్పండి, ఆదివారం సత్యోపదేశం తరగతిలో బిడ్డ పేరు రాయించండి. ఇది మానేసి ‘మేమే నేర్పుకుంటాం’ అంటే బిడ్డకు విచారణ పరాయిదవుతుంది. టీచరమ్మ గారు అడిగిన తోటి పిల్లలు కూడా అక్కడే దొరుకుతారు: గాయక బృందం, పీఠం దగ్గర సేవ, ఆదివారం పూజ తర్వాత ఆవరణలో ఆట.

పటమట తల్లి
ఉపదేశి గారూ, ఈ మాట ప్రతి తల్లికీ చేరాలి. టీచరమ్మ గారి ప్రశ్నకు జవాబు: ఆరో తరగతి నుంచి ఒక్క తల్లి మోయాలని నేనూ అనను. మూడు నాలుగు కుటుంబాలు కలిస్తే లెక్కలు వచ్చినవాళ్లు లెక్కలు, హిందీ వచ్చినవాళ్లు హిందీ చెప్పొచ్చు. వారానికి రెండు పూటలు కలిసి కూర్చుంటే ఆటా ఉంటుంది. అది కుదరకపోతే ఆరులో బడికి పంపడం ఓటమి కాదమ్మా. ఐదేళ్లు మీ ఒడిలో చదివి వెళ్లిన బిడ్డ అది.

ఇంకొకటి. భర్త, అత్తమామలు ఒప్పుకోకుండా మొదలుపెట్టకండి. ‘బడికి పోడేంటి’ అని చుట్టాలు అడిగినప్పుడల్లా జవాబు చెప్పాల్సింది తల్లి ఒక్కతే అయితే ఆ ఇంట్లో సంతోషం నిలవదు. నాన్న రాత్రి పూట పదిహేను నిమిషాలు కథ చదివి వినిపించినా సరే, ఆయన వంతు ఉండాలి. తల్లికి ఒంట్లో బాగోలేని రోజు లెక్కలు పది, చదవడం ఒక పేజీ, అంతే. దానికి అపరాధభావం వద్దు.

గుణదల ఉపాధ్యాయిని
ఐదో తరగతి దాకా, విచారణతో కలిసి, కాగితాలు సరిచూసుకుని అంటే నేను అడ్డుచెప్పను. కతోలిక బడి అందుబాటులో ఉండి, ఫీజు కట్టగలిగిన వాళ్లకు మాత్రం నా అభిప్రాయం మారలేదు. 798వ నియమం వరుస అదే. ఒక సలహా: ఇంట్లో చదివించే తల్లులు ఏడాదికి రెండుసార్లు బిడ్డను తెలిసిన టీచర్ దగ్గర కూర్చోబెట్టి చూపించండి. తల్లి ముందు చదివే బిడ్డ బయటివాళ్ల ముందు చదవగలడో లేదో తెలుస్తుంది.

గుంటూరు లెక్కల మాస్టారు
టీచరమ్మ గారి సలహాకు చిన్న చేర్పు. చూపించేటప్పుడు బిడ్డ ఎప్పుడూ చూడని పుస్తకం ఇవ్వమనండి. మూడో తరగతి బిడ్డ కొత్త పేజీని నిమిషానికి యాభై అరవై మాటలు తడబడకుండా చదివి, చదివినదాంట్లో అడిగిన రెండు ప్రశ్నలకు సొంత మాటల్లో చెబితే గాడిలో ఉన్నట్టే. చెప్పలేకపోతే పై తరగతి పుస్తకం తెరవకుండా, నెల రోజులు ఆ తరగతి కథలే బయటికి చదివించండి.